తప్పు పట్టే ముందు లెక్క కట్టండి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి విశాఖ పాఠకుల ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం కనిపించింది: పేదవాళ్లు బీదగా ఉండడం వాళ్ల తప్పేనా, అలా అనుకోవడం న్యాయమేనా అని. వాటిలో ఆరింటిని ఎంచుకున్నాం. అప్పులు, కరెంటు, కార్డులు, వైద్యం – ఏ ప్రశ్నకు ఆ విషయం తెలిసినవాళ్లే జవాబు రాశారు.

ప్ర: మా ఇంట్లో పనిచేసే ఆమె నాలుగిళ్లలో చేసి నెలకు పదివేలు తెచ్చుకుంటుంది. భర్త ఫిషింగ్ హార్బరులో మరబోటు మీద కలాసీ. ఎప్పుడు చూసినా అప్పే. అయినా వాయిదాల మీద ఫ్రిజ్ కొంది, చేతిలో స్మార్ట్‌ఫోను. ఇప్పుడు అయిదు వేలు అడ్వాన్సు అడుగుతోంది, ఇవ్వబుద్ధి కావడం లేదు. మేమూ సున్నా నుంచే పైకొచ్చాం. వాళ్ల బీదరికానికి వాళ్లే కారణం అనుకుంటే తప్పా?
– ఒక గృహిణి, సీతమ్మధార

జ: ముందు ఆ ఇంటి రాబడి చూద్దాం. ఆమె పదివేలు నెలనెలా వస్తాయి. భర్త సంపాదన అలా కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. బోటు జెట్టీకి కట్టేస్తే కలాసీకి వేటలో వాటా ఉండదు. ప్రభుత్వమిచ్చే భృతి 2025లో ఇరవై వేలయింది. రోజులకు పంచితే రూ.328. అదీ జాబితాలో పేరెక్కితేనే. ఆ నిషేధం ముగిసే సమయానికే బడులు తెరుస్తారు, ఫీజులూ పుస్తకాలూ మీదపడతాయి.

అప్పు పుట్టేది అక్కడ. సాయంత్రం పూట మోటారు సైకిలు మీద వాడల్లోకి వచ్చే డైలీ ఫైనాన్స్ వాళ్ల పద్ధతి ఒకటుంది. పదివేలు రాయించుకుని, చేతికిచ్చేటప్పుడే వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. 'పదివేలకు వెయ్యేగా' అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుతూ వస్తుంది కాబట్టి, తగ్గే అసలు మీద లెక్క కడితే ఆ వడ్డీ ఏడాదికి 78 శాతం దాకా వెళుతుంది. వాడుకలో చెప్పాలంటే నూటికి ఆరు రూపాయల పైచిలుకు. అదే తొమ్మిది వేలు రూపాయి వడ్డీకి దొరికి, రోజూ వంద కట్టుకుంటూ పోతే మొత్తం వడ్డీ రూ.140 దాటదు.

అసలు దెబ్బ తిరగరాయడంలో ఉంది. అరవయ్యో రోజుకు ఆరు వేలు కట్టేశారు, నాలుగు వేలు మిగిలింది. పిల్లాడికి జ్వరం వచ్చింది. మళ్లీ పదివేలు రాయించుకుంటే పాత నాలుగు వేలూ కొత్త వెయ్యీ పట్టుకుని చేతిలో అయిదు వేలు పెడతారు. కట్టాల్సింది మాత్రం మళ్లీ పదివేలు, మళ్లీ వంద రోజులు. మొదటి అప్పుకు వంద రోజుల వడ్డీ ముందే కోసుకున్నారు కదా, మిగిలిన నలభై రోజుల వడ్డీ వెనక్కి రాదు. అంటే ఆ నాలుగు వేల మీద రెండోసారి వడ్డీ పడినట్టు. ఏడాదిలో మూడు నాలుగు సార్లు ఇలా తిరగరాస్తే, ఒక్క రోజు కూడా నాగా పెట్టకుండా కట్టినా అప్పు తీరదు. దాన్నే మీరు 'ఎప్పుడు చూసినా అప్పే' అన్నారు.

బ్యాంకుకు పోవచ్చు కదా అనవచ్చు. బంగారం ఉంటే తప్పకుండా పోవాలి. రెండున్నర లక్షల లోపు బంగారు రుణానికి ఆదాయ పరిశీలన అక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. బంగారం లేని మనిషికి ఆ సాయంత్రానికి అయిదు వేలిచ్చే బ్యాంకు లేదు. పైగా బ్యాంకు పనివేళలూ ఆమె పనివేళలూ ఒకటే. రెండుసార్లు తిరిగితే మీ ఇంట్లోనే రెండు నాగాలు. డ్వాక్రా సంఘంలో ఉంటే మేలే, కానీ అక్కడ అప్పు వరస ప్రకారం వస్తుంది. జ్వరం వరస చూసుకుని రాదు.

ఇక ఫ్రిజ్. నాలుగిళ్లు చేసి వచ్చే మనిషి రెండు పూటలా వండడానికి కూర్చోలేదు. విశాఖ ఉక్కపోతలో పొద్దున వండిన కూర సాయంత్రానికి పులుస్తుంది. ఇళ్లవాళ్లు ఇచ్చిన కూరా, మిగిలిన పాలూ, హార్బరు నుంచి వచ్చిన చేపలూ నిలవాలంటే ఫ్రిజ్ ఉండాలి. 180 లీటర్ల ఒంటి తలుపు ఫ్రిజ్ ఏడాదికి 150 నుంచి 200 యూనిట్లు, అంటే నెలకు 15 యూనిట్లు అటూ ఇటూగా కాలుస్తుంది. సొంత మీటరుంటే, 31 నుంచి 75 యూనిట్ల శ్లాబులో యూనిట్‌కు రూ.3 లెక్కన అది నెలకు రూ.45. అద్దె గదిలో సబ్ మీటరు పెట్టి యజమాని యూనిట్‌కు రూ.8 వసూలు చేస్తే రూ.120. ఫ్రిజ్‌తో కలిపి నెలకు 60 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి. మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, తర్వాతి 30 మూడు రూపాయల చొప్పున రూ.147 అవుతుంది (స్థిర, సర్దుబాటు చార్జీలు అదనం). సబ్ మీటరు మీద అదే వాడకానికి రూ.480. దుబారా వెతకాలంటే ఫ్రిజ్ కొన్న మనిషి దగ్గర కాదు, ఆ సబ్ మీటరు దగ్గర వెతకాలి.

ఫోను గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రేషన్ ఈకేవైసీ, బ్యాంకు ఓటీపీ, బడి వాట్సాప్ గ్రూపు, మీరు పంపే జీతం, 'రేపు తొందరగా రా' అనే మీ మెసేజీ, అన్నీ అందులోనే.

అయితే వాయిదాల కొనుగోలులో ఒక చిక్కు నిజమే. ఈఎంఐ రెండో తేదీనో అయిదో తేదీనో బ్యాంకు నుంచి కోసుకుంటారు. నాలుగిళ్ల జీతాలు అయిదు నుంచి పది లోపు, ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఇస్తారు. ఖాతాలో యాభై తగ్గినా వాయిదా తిరిగిపోతుంది. బ్యాంకు ఒక జరిమానా, ఫైనాన్స్ కంపెనీ ఇంకొకటి. కొన్న కొట్లోనే మొదట్లో అడిగితే వాయిదా తేదీ పదో తారీఖుకు మార్చే కంపెనీలున్నాయి. అది ఆమెకు చెప్పండి. దానికంటే తేలికైన పని మీ చేతిలోనే ఉంది. జీతం ఒకటో తేదీన ఇవ్వండి.

అడ్వాన్సు ఇవ్వండి. అయిదు వేలిచ్చి, నెలకు అయిదు వందల చొప్పున పది నెలలు పట్టుకోండి. రెండు చిన్న పుస్తకాల్లో రాసుకోండి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఆమె దగ్గర. నోటి లెక్కలే తర్వాత తగవులవుతాయి. నెలకు వెయ్యికి మించి కోయకండి. కోస్తే ఆ లోటు పూడ్చడానికి మళ్లీ మోటారు సైకిలు దగ్గరికే పోతుంది.

'మేమూ సున్నా నుంచే' అన్న మాటను కాదనం. కానీ ఈ ఊళ్లో చాలామంది సున్నా వేరు. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ పదో తరగతికీ ఐటీఐకీ పర్మినెంటు ఉద్యోగమిచ్చిన రోజులుండేవి. ఆ ఉద్యోగం వెంట క్వార్టరూ, వైద్యమూ, పిల్లల బడీ వచ్చేవి. నేడు అదే గేటు లోపల అదే పని కాంట్రాక్టులో చేసే కుర్రాడికి వచ్చేది జీతం, పీఎఫ్, జీతం రూ.21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ. కష్టం ఇద్దరిదీ ఒకటే అయినా తాతల నాటి మెట్లు ఇప్పుడు లేవు.

ప్ర: నెల సరుకులు ఒకేసారి కొంటే చవక. వీళ్లేమో రోజూ చిల్లరగా కొంటారు, షాంపూ కూడా ప్యాకెట్టే. పొదుపు తెలియకపోవడం కాదా ఇది?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మర్రిపాలెం

జ: షాంపూతోనే మొదలుపెడదాం. రూపాయి ప్యాకెట్టులో అయిదారు మిల్లీలీటర్లుంటాయి, మిల్లీలీటరుకు ఇరవై పైసలు దాటదు. మీ బాత్రూంలో సీసా తీసి ధరను పరిమాణంతో భాగించి చూడండి. చాలా బ్రాండ్లలో మూడు నాలుగు రెట్లు తేలుతుంది. అక్కడ పొదుపు తెలిసింది వాళ్లకే.

కందిపప్పు, నూనె, చింతపండు విషయంలో మీరన్నది నిజం. వంద గ్రాముల ధరను పదితో గుణిస్తే కిలో ధర దాటిపోతుంది. కానీ నెల సరుక్కి ఒకే రోజు మూడు వేలు కావాలి. రోజుకూలికి ఆ రోజు రానే రాదు. పద్దు మీద ఇచ్చే కిరాణా కొట్టు వస్తువుకు రూపాయో రెండో ఎక్కువ వేస్తుంది, అదే దాని వడ్డీ. రైతుబజారులో చవక గానీ మంచి కూర దొరికే పొద్దుటి వేళ వాళ్లు మన ఇళ్లలోనే గిన్నెలు తోముతుంటారు. ఒంటి గదిలో వానాకాలం పప్పు నిలవ పెడితే పురుగు పట్టిందే తినాలి.

ప్ర: మా అపార్టుమెంటు సంఘం పనివాళ్లూ డెలివరీ కుర్రాళ్లూ లిఫ్టు ఎక్కకూడదని బోర్డు పెట్టాలంటోంది. కరెంటు బిల్లు, రిపేర్లు, శుభ్రత కారణాలు. సంఘంలో నేనొక్కడినే వద్దంటున్నాను. ఏమని వాదించాలి?
– సంఘ సభ్యుడు, ఎంవీపీ కాలనీ

జ: ఒక్కో కారణాన్నీ విడిగా తీయండి.

కరెంటు: ఆరుగురి లిఫ్టు మోటారు సుమారు 5 కిలోవాట్లు అనుకుందాం. అయిదో అంతస్తుకు అర నిమిషం. 0.04 యూనిట్. యూనిట్ పది రూపాయలనుకున్నా నలభై పైసలు. ఒక పనమ్మాయి రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగినా నెలకు వంద రూపాయలు దాటదు. అదీ భవనంలోని ఇళ్లన్నిటికీ పంచితే ఇంటికి పడేది కొద్ది రూపాయలే.

రిపేర్లు: ఆరుగురి లిఫ్టు 408 కిలోల లెక్కన, మనిషికి 68 కిలోలు పెట్టి చేస్తారు. బరువు ఎవరిదన్నది దానికి తెలియదు. చెడగొట్టేవి వేరు. తలుపుకు చెప్పు అడ్డుపెట్టి కబుర్లు చెప్పడం, సోఫాలూ టైల్సూ ఎక్కించడం, తలుపు గాడిలో ఇసుక, తడి. సముద్రపు గాలి తగిలే మీ కాలనీలో తలుపు లాక్ కాంటాక్టులు తుప్పు పట్టడం పెద్ద తలనొప్పి. దానికి మందు సర్వీసింగు, బోర్డు కాదు.

శుభ్రత: తడి గుడ్డ బకెట్టుతో లిఫ్టు ఎక్కితే నీళ్లు గాడిలోంచి కిందికి దిగి వైరింగు పాడయ్యే మాట నిజం. అయితే బోర్డు మీద రాయాల్సింది 'మూతలేని బకెట్లు, సిమెంటు బస్తాలు, ఫర్నిచరు లిఫ్టులో వద్దు' అని. ఎవరు తెచ్చినా వద్దు. వస్తువు మీద నియమం పెడితే ఎవరూ తగాదాకు రారు. మనుషుల మీద పెడితే అది వేరే సంగతి.

ఆ వేరే సంగతి సంఘానికి మెత్తగా చెప్పండి. రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి. పేదరికం ఆ జాబితాలో లేదు. అందుకే కులం పేరెత్తడానికి జంకేవాళ్లు 'పనివాళ్లు' అనే మాట ధైర్యంగా రాస్తారు. ఆ మెట్లెక్కేది ఎవరో, ఏ వాడల నుంచి వస్తారో చూస్తే రెండింటికీ దూరం లేదని తెలుస్తుంది. అయిదో అంతస్తుకు వంద మెట్లు. మూడు అంతస్తుల్లో మూడిళ్లు చేసే మోకాళ్లు అవి. ఇంకొక మాట, వేరే గ్లాసులో టీ ఇచ్చే ఇళ్లు మీ భవనంలో ఎన్ని ఉన్నాయో కూడా అదే మీటింగులో అడిగి చూడండి.

ప్ర: ఇంటిముందు బైకు, లోపల కలర్ టీవీ, కొందరికి ఏసీ కూడా. అయినా బియ్యం కార్డు. ఇది మోసం కాదా?
– గాజువాక పాఠకుడు

జ: కార్డు నిబంధనల్లో టీవీ, బైకు, ఫ్రిజ్ ఊసే లేదు. పట్టణంలో ఇంటి ఆదాయం నెలకు రూ.12,000 లోపు, ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపు, కరెంటు నెలకు సగటున 300 యూనిట్ల లోపు ఉండాలి. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫర్వాలేదు). ఆదాయపు పన్ను కట్టకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ, ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన పింఛనుదారు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులు మినహాయింపు. ఏసీ వాడకం విచ్చలవిడిగా ఉంటే ఆ 300 యూనిట్లే పట్టిస్తాయి.

దొంగ కార్డులు లేవనడం లేదు. కానీ తారుమారు రెండోవైపూ జరుగుతుంది. అద్దెకున్నవాళ్ల ఆధార్ యజమాని మీటరుకు తగిలించి ఉంటే, ఇంట్లో ఒక్క ఫ్యాను తిరిగేవాళ్లకు కూడా 'ఎక్కువ వాడకం' అని కార్డు ఆగిపోతుంది. అలాంటివాళ్లు మీ వీధిలో ఉంటే ఆరు నెలల బిల్లులతో ముందు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ ఆఫీసులో ఆధార్ అనుసంధానం సరిచేయించుకుని, ఆ కాగితంతో వార్డు సచివాలయంలో అర్జీ పెట్టమనండి. వరస తారుమారైతే సచివాలయంలో పాత లెక్కే కనిపించి మళ్లీ తిప్పి పంపుతారు.

ప్ర: మా షెడ్డులో పనిచేసే హమాలీ కూలి డబ్బంతా మందుకే పోస్తాడు. ఇలాంటివాళ్ల మీద కూడా జాలి చూపాలా?
– వ్యాపారి, ఆటోనగర్

జ: జాలి అక్కర్లేదు. ఇల్లు గడవకుండా తాగితే తప్పు తప్పే, భార్యాపిల్లల ముందు అతను జవాబుదారే. కాకపోతే తప్పు తాగుడుది, పేదరికానిది కాదు. ఆదివారం బాల్కనీలో తాగే మేనేజరును 'ఇలాంటివాళ్లు' అనం కదా.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. ఇద్దరినీ కూర్చోబెట్టి, అతను ఒప్పుకుంటే కూలిలో సగం భార్య ఖాతాలో వేయండి. సాయంత్రం చేతికిచ్చే బదులు వారం కూలీగా మార్చేటప్పుడు మాత్రం ఇంటి ఖర్చుకు రోజూ కొంత ఇవ్వండి, లేకపోతే వడ్డీకి తెస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం: 'రేపటి నుంచి మానకపోతే పని లేదు' అని బెదిరించకండి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించే స్థితి వస్తే ప్రాణాపాయం. మానడం డాక్టరు చూస్తుండగా జరగాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ముందు ఫోనులో అడగాలంటే మత్తు విడిపించే సహాయ నంబరు 14446, మానసిక ఆరోగ్యానికి 14416. చికిత్సకు పోయిన రోజుల్లో పని పోదని మీరు ముందే మాటిస్తే వెళ్లే అవకాశం ఎక్కువ. చాలామంది మధ్యలో పారిపోయి వచ్చేది కూలి పోతుందనే. మళ్లీ తాగినా ఆశ్చర్యపోకండి, ఒకటి రెండుసార్లు జారడం ఈ జబ్బులో మామూలే.

ప్ర: మా ఇల్లు కంచరపాలెం వైపు కొండవాలు మీద. డిగ్రీ అయింది. షోరూం ఉద్యోగానికి వెళితే అడ్రసు విని 'అటువైపు వాళ్లు టైముకి రారు, నీటుగా ఉండరు' అన్నారు. అబద్ధం అడ్రసు చెప్పమంటోంది స్నేహితురాలు. చెప్పనా?
– ఒక పాఠకురాలు

జ: చెప్పకండి, చేరేటప్పుడు ఆధార్ చూస్తారు. అలాగని మొత్తం అడ్రసు ముందే ఇవ్వాల్సిన పనీ లేదు. బయోడేటా మీద ఫోన్ నంబరూ, 'విశాఖపట్నం' అన్న మాటా చాలు. డోర్ నంబరుతో సహా రాయాల్సింది చేరే కాగితాల్లోనే.

మిమ్మల్ని ఆ మాటన్న మేనేజరు కోసం ఒక లెక్క. కుళాయి కొండ కింద, ఇల్లు వంద మెట్ల పైన అనుకుందాం. ఇరవై లీటర్ల డబ్బా ఇరవై కిలోలు. నలుగురున్న ఇంట్లో మనిషికి 40 లీటర్లతో సరిపెట్టుకున్నా ఎనిమిది డబ్బాలు. నగరాల నీటి పథకాలకు వేసే లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు, ఆ ప్రకారం 27 డబ్బాలు మోయాలి. క్యూతో కలిపి డబ్బాకు పది నిమిషాలు వేసుకోండి, ఎనిమిదింటికే గంటా ఇరవై నిమిషాలు. నిండు గ్యాసు బండ దాదాపు ముప్పై కిలోలు, అదీ ఆ మెట్ల మీదుగానే. ఇదంతా ముగించి, ఇస్త్రీ చేసిన బట్టలతో పది గంటలకు షోరూం గుమ్మంలో నిలబడే మనిషికి టైము గురించి ఆ మేనేజరు నేర్పేదేమీ లేదు.

ఈసారి ఆ ప్రశ్న వస్తే కోపం తెచ్చుకోకుండా అంకెలు చెప్పండి: ఎన్ని గంటల బస్సు, ఏ స్టాపు, ఎన్ని నిమిషాలు. ఒకరోజు అదే వేళకు వెళ్లి చూసుకుని చెప్పండి. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంచుకుంటే చాలు. జీతం ఏ తేదీన ఇస్తారు, హాజరు ఏ తేదీకి ముగిస్తారు, యూనిఫాం డబ్బు కోస్తారా – ఈ మూడూ చేరకముందే అడగండి. ఇరవయ్యో తేదీకి హాజరు ముగించే చోట ఇరవై రెండున చేరితే మొదటి జీతం చేతికి రావడానికి నలభై రోజులు పట్టవచ్చు. అన్నాళ్లూ మధ్యాహ్నం తిండికి, చెప్పులకు చేతిలో ఉండేలా చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటామంటే ఇవ్వకండి. చూపించి, సంతకం పెట్టిన జిరాక్సులు ఇచ్చి రండి. తప్పదంటే ఏయే కాగితాలు తీసుకున్నారో రాయించి, రసీదు మీద వాళ్ల ముద్ర వేయించుకోండి.